డీపీఎఫ్ తీసేయించమంటున్నారు: అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

కూకట్‌పల్లి డీజిల్: నాది బీఎస్-6 డీజిల్ కారు. ఆఫీసు దగ్గరే కావడంతో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు తరచూ వెలుగుతోంది. ఆ ఫిల్టరు లోపలి భాగాన్ని తీసేసి, లైటు రాకుండా ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) రీమ్యాప్ చేస్తామని, అంటే అందులోని ప్రోగ్రామ్ మారుస్తామని, పికప్ కూడా పెరుగుతుందని ఒక గ్యారేజీలో అన్నారు. చేయించవచ్చా?

బెజవాడ బండి: అలా తీసేసిన సెకండ్ హ్యాండ్ కారును చూసి వదిలేశాను. సైలెన్సర్ గొట్టంలో వేలు పెడితే నల్లటి మసి అంటింది. ఫిల్టరు బాగున్న బండిలో ఆ గొట్టం దాదాపు శుభ్రంగానే ఉంటుంది. అమ్మేవారు మాత్రం పొల్యూషన్ సర్టిఫికెట్ చూపించి, ఇంకేం కావాలని అడిగారు.

గాలి లెక్క: ఆ సర్టిఫికెట్‌ను నమ్ముకోవడమే అసలు చిక్కు. డీజిల్ బండికి ఇంజను రేస్ చేసి పొగ చిక్కదనాన్ని కొలుస్తారే తప్ప నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికి పోరు. బీఎస్-4లో కిలోమీటరుకు 250 మిల్లీగ్రాములున్న ఆ వాయువుల పరిమితి 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కింద 80కి, మసి కణాల పరిమితి 25 నుంచి 4.5కి తగ్గాయి. ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజన్‌లోకి పంపి ఆ వాయువులను తగ్గించే పరికరం), డీపీఎఫ్ వంటివి తీసేస్తే ఆ తగ్గుదల కాగితం మీదే మిగులుతుంది. అమెరికాలో అంతకుముందు దశాబ్దంలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల్లో ఇలాంటి పరికరాలను తొలగించారని, ఆ బండ్ల జీవితకాలంలో 5.7 లక్షల టన్నుల అదనపు నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో కలుస్తాయని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో అంచనా వేసింది. ఎండలో ఈ వాయువులే ఓజోన్ ఏర్పడటానికి కారణమై ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి.

బెజవాడ బండి: బండిలో చేసే మార్పులను నియంత్రించే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కూడా ఇది కుదరదు. వారంటీ సంగతి సరేసరి.

రింగురోడ్డు: కూకట్‌పల్లి గారూ, మీ ఫిల్టరు చెడిపోయి ఉండకపోవచ్చు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, సిటీ ట్రాఫిక్‌లో అంత వేడెక్కదు. నాకూ ఇదే సమస్య వస్తే, మాన్యువల్‌లో చెప్పినట్టు ఔటర్ మీద ఆపకుండా ఒకే వేగంతో నడిపాను, లైటు ఆరిపోయింది. ఆరకపోతే సర్వీసు సెంటర్‌లో స్కానర్ పెట్టి ఫోర్స్‌డ్ రీజెనరేషన్ (ఆ మసిని బలవంతంగా కాల్చడం) చేస్తారు. ముందుగా డిప్‌స్టిక్ తీసి చూడండి. రీజెనరేషన్ మధ్యలో బండి పదేపదే ఆపితే డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసి మట్టం పెరుగుతుంది.

కూకట్‌పల్లి డీజిల్: చూశాను, ఆయిల్ మాక్స్ గీత దాటి ఉంది. గ్యారేజీకి వద్దని చెప్పి, ఆయిల్ మార్పించడానికి సర్వీసు సెంటర్‌లో బుక్ చేశాను.