కురువరతినంబి: ఊరి పేరా, బిరుదా?

దిగువతిరుపతి: అన్నమయ్య ‘కొండలలో నెలకొన్న’ పాట, మొదటి చరణం. ‘కుమ్మరదాసుడైన కురువరతినంబి యిమ్మన్న వరములెల్ల నిచ్చినవాడు’. ఆ ‘రతి’ దగ్గర నాలుక తడబడతా ఉంది. కొందరు ‘రత్తి’ అంటారు, కొందరు ‘కురువ... రతినంబి’ అని విరిచేస్తారు. ఆ కుమ్మరదాసుడు వెంకన్న భక్తుడు కుమ్మరి భీముడే, ఆయనది కురువ గ్రామం కదా, ఊరి పేరుతో పిలిచినారనుకుంటే ‘రతి’ ఏంది? ఇంకో సంగతి: మనకు కొండంటే ఒకటే కొండ, ‘కొండకి పోయొచ్చినా’ అంటే చాలు. అన్నమయ్య మరి ‘కొండలలో’ అని ఎందుకన్నాడు?

పాతచిత్తూరోడు: ఊరి పేరే. నంబి అనేది వైష్ణవ భక్తుల పేరు చివర పెట్టే గౌరవపు మాట. అదే పాటలో తిరుమలనంబి ఉన్నాడు, తిరుకచ్చినంబి ఉన్నాడు. కచ్చి అంటే కంచి. ఇద్దరికీ ఊరే గుర్తు. మూడో నంబికి ఊరు లేకుండా పోయిందా? మన పక్క ఇప్పటికీ ‘పీలేరాయన’, ‘పుత్తూరోళ్లు’ అన్నాక పేరెవరు అడుగుతారు!

శకటరేఫం: తొందరపడబాకన్నా. అరవంలో ఆయన కుఱుంబఱుత్త నంబి. కుఱుంబు అంటే పెంకితనం, అఱుత్త అంటే తెగ్గోసిన. గుణాన్నిబట్టి వచ్చిన పేరు. తెలుగు నోట్లో పడి రెండు బండి ఱలూ మామూలు ర అయిపోయినాయి. విరవాలంటే కురువ్ + అరతి. ‘వ’లో అకారం ‘అఱుత్త’ది.

పాతచిత్తూరోడు: ‘ంబ’ ఎప్పుడు ‘వ’ అయింది సామీ?

శకటరేఫం: కుఱుంబ, కురుబ, కురువ. ఒకే కులం పేరు. అనంతపురం పక్క కురుబ, కర్నూలు పక్క కురువ. కండ్ల ముందరే ఉంది.

యతిమైత్రి: ఛందస్సును కూడా అడగండి. ప్రాస ‘మ్మ’: కుమ్మర, యిమ్మన్న, దొమ్ములు, రమ్మన్న. యతి మొదటి పాదంలో కు–కు, రెండోదాంట్లో ‘యిమ్మన్న – ఇచ్చిన’, మూడోదాంట్లో దొ–తొ. నాలుగోదాంట్లో ‘రమ్మన్న – నమ్మిన’ ప్రాసయతి. అంటే ‘కురువరతి’లో యతి కాపలా కాసేది ‘కు’ ఒక్కదానికే. ‘రువరతి’ ఎట్లా జారినా పట్టించేవాడు లేడు. ‘త్త’ ఒత్తు పోతే ముందున్న ‘ర’ గురువు కాస్తా లఘువవుతుంది, ఒక మాత్ర తగ్గుతుంది. పాడేవాళ్లు ‘వ’ను సాగదీసి సర్దుకుంటారు. ‘రతి’ విడిగా వినబడేది అందుకే.

దిగువతిరుపతి: మరి చివర ఇకారం?

శకటరేఫం: ‘నంబి’లో ఇకారం వెనక్కి లాగింది. ఇది నా సొంత సిద్ధాంతం, కొట్టబాకండి.

కోనేటిగట్టు: కుమ్మరిని వదలరా మీరు? రెండో చరణానికి రండి. ‘ముచ్చిలి వెట్టికి మన్ను మోసినవాడు’. వెట్టి అంటే కూలి లేని చాకిరీ. అనంతాళ్వారు చెరువు తవ్వుతుంటే స్వామి మట్టి తట్ట మోసినాడు, గడ్డానికి గునపం దెబ్బ తిన్నాడు. స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెట్టేది అందుకే. ఆ గునపం మహాద్వారం దగ్గరే చూపిస్తారు. దేవుడితో వెట్టి చేయించి దాన్ని గొప్పగా చెప్పుకునే ఊరు మనదే! పల్లవిలో పిలుపు కూడా చూడండి. పుష్కరిణి అనకుండా కోనేరు అన్నాడు, దాని పక్కన రాయడు.

అవిలాలబ్బోడు: ఆ లెక్కన మన తిరుపతి గంగమ్మను మరిస్తే ఎట్లా? అవిలాల పుట్టిల్లు, వెంకన్న అన్న. జాతరకు కొండమీద నుంచి సారె వస్తుంది. చాటింపు పడినాక ఊరోళ్లు పొలిమేర దాటకూడదు, పైవూరోళ్లు ఊళ్లో రాత్రి నిద్ర చేయకూడదు. ఎవరు ‘ఊరోడు’ అన్నది ఆ రాత్రి తేలిపోతుంది. ఏ నిఘంటువూ ఇంత ఖచ్చితంగా చెప్పదు.

పాతచిత్తూరోడు: బాగుంది గానీ నేను ఒప్పుకోను. శకటరేఫం గారూ, వేంకటాచల మాహాత్మ్యంలో కుర్వగ్రామం ఉంది. అరవ బిరుదు విని, దానికోసం ఒక ఊరిని కట్టినారంటారా?

శకటరేఫం: అంటాను.

పాతచిత్తూరోడు: సరే, పొద్దున చూసుకుందాం.

దిగువతిరుపతి: ‘కొండలలో’ సంగతి?