అరకు వాగుల నుంచి హైదరాబాద్‌కి బతికున్న లార్వాలు తేవడం ఎలా?

ప్రశ్న: ల్యాబ్‌కి మేఫ్లై (వాగు నీటిలో పెరిగే ఒక చిన్న పురుగు), తూనీగ లార్వాలు కావాలి. రాత్రంతా రైలు ప్రయాణం. సీసా నిండా నీళ్ళు పోసి తెస్తే మేఫ్లైలు చచ్చిపోతున్నాయి. బ్యాటరీ పంపు పెట్టాలా?

జవాబు 1: పంపు కన్నా నీళ్ళు తగ్గించడం ముఖ్యమండీ. నిండు సీసాలో గాలి తగిలే నీటి ఉపరితలం తక్కువ, పైగా కుదుపులకి మేఫ్లై కాళ్ళు, మొప్పలు ఊడిపోతాయి. వెడల్పాటి డబ్బాలో తడి నాచు పరిచి, అడుగున వేలు మందం వాగు నీళ్ళు చాలు. మిగతాదంతా గాలే. నీరు 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది, 30 దగ్గర ఏడున్నరే. వేడికి పురుగుల అవసరమేమో పెరుగుతుంది. అందుకే థర్మాకోల్ పెట్టె, పేపర్ చుట్టిన జెల్ ప్యాక్. ఐస్ నేరుగా తగలనివ్వద్దు. వాగు నీటికన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువుంటే చాలు.

జవాబు 2: తూనీగ లార్వాలని మాత్రం కలిపి పెట్టొద్దు, ఒకదాన్నొకటి తినేస్తాయి. ఒక్కోదానికి ఒక్కో చిన్న డబ్బా, తడి హైడ్రిల్లా (నీటి మొక్క) కొమ్మ. రెక్కల తొడుగులు ఉబ్బినవి ఏరి వాగులోనే వదిలేయండి, దారిలోనే రెక్కలు విప్పుకోవచ్చు.

జవాబు 1: ఇక్కడికొచ్చాక కుళాయి నీళ్ళు నేరుగా పోయకండి, క్లోరిన్ ఉంటుంది. డబ్బా గది వేడికి వచ్చాక, పావుగంటకోసారి కొంచెం కొంచెంగా క్లోరిన్ తీసిన నీళ్ళు కలపండి.

ప్రశ్న అడిగినవారు: దోమ లార్వాలకీ ఇదేనా?

జవాబు 2: కాదు. అవి పైకొచ్చి గాలి పీలుస్తాయి, సగం నీళ్ళ సీసా, కుదుపు తక్కువ.