1966 మస్టాంగ్ 289: హెడర్లు వేయాలా, పోత మానిఫోల్డులే ఉంచాలా?

ప్రశ్న (డాలస్ నుంచి)
నా 1966 ఫోర్డ్ మస్టాంగ్ వీఐఎన్‌లో (కారు గుర్తింపు సంఖ్యలో) ఐదో గుర్తు సీ. అంటే రెండు బారెళ్ల కార్బురేటర్‌తో 200 హార్స్‌పవర్ ఇచ్చే 289 (క్యూబిక్ అంగుళాల) ఇంజను. కుడివైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డు (సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే పోత ఇనుప భాగం) పగిలింది. ఉదయం స్టార్ట్ చేయగానే టిక్కుటిక్కుమంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. ఎలాగూ విప్పాలి కాబట్టి దాని బదులు పొడవు గొట్టాల హెడర్లు (సిలిండరుకో విడి గొట్టం ఉండేవి) వేద్దామనుకుంటున్నాను. పవర్ స్టీరింగ్ ఉంది. ఆదివారాలు తిప్పడానికే ఈ కారు. ఏమంటారు?

జవాబు 1 (డెట్రాయిట్ నుంచి)
తప్పకుండా వేయండి. ఈ ఇంజను ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-5-4-2-6-3-7-8. ఏడు వెంటనే ఎనిమిది, రెండూ డ్రైవరు వైపు పక్కపక్కనే ఉంటాయి. క్రాంకు పావు చుట్టు తిరిగేసరికే రెండో దాని వాల్వు తెరుచుకుంటుంది, మొదటిది ఇంకా పొగ వదులుతూనే ఉంటుంది. పోత మానిఫోల్డులో ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఎవరి గొట్టం వారికిస్తే ఆ తోపులాట పోతుంది. ఒక గొట్టంలో వేగంగా వెళ్ళే పొగ కలెక్టర్ (గొట్టాలన్నీ కలిసే చోటు) దగ్గర తర్వాతి సిలిండర్‌ను లాగి ఖాళీ చేస్తుంది కూడా. ఇదే 289లో 271 హార్స్‌పవర్ రకం, షెల్బీ వాళ్ళు మార్చిన మస్టాంగ్ జీటీ350లో 306కు చేరింది కదా!

జవాబు 2 (హ్యూస్టన్ నుంచి)
అన్నా, ఫైరింగ్ ఆర్డర్ మాట నిజమే, కానీ ఆ 35 హార్స్‌పవర్‌ను హెడర్ల ఖాతాలో రాయకండి. షెల్బీ వాళ్ళు అల్యూమినియం ఇన్‌టేక్ మానిఫోల్డు, 715 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) హోలీ కార్బురేటర్ కూడా బిగించారు. అసలు ఆ 271 ఇంజనులో సాలిడ్ లిఫ్టర్లు (వాల్వులను ఎత్తే గట్టి భాగాలు), 10.5 కంప్రెషన్ నిష్పత్తి. వీరిది 9.3. ఈ 289 సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ పోర్టే (పొగ బయటికొచ్చే దారే) ఇరుకు, ముందు గొంతు సన్నగా ఉంటే వెనక గొట్టం ఎంత పొడవైతే ఏమి లాభం?

నేను ఇలాంటి కారుకే వేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మౌంటు బోల్టు తీసి ఇంజను పైకెత్తితే తప్ప ఎడమ హెడరు లోపలికి వెళ్ళలేదు. పవర్ స్టీరింగ్ ర్యామ్‌కు (స్టీరింగుకు సాయపడే హైడ్రాలిక్ సిలిండరుకు) తగలకుండా బ్రాకెట్‌ను కిందికి దించాను. అప్పుడు ఇంటి ముందు వాలు ఎక్కిన ప్రతిసారీ గొట్టాలు నేలకు గీసుకున్నాయి. ఫ్లాంజి (హెడరును హెడ్‌కు బిగించే పలక) పలచన. స్టీలు స్కేలు ఆనించి చూస్తే మధ్యలో వెలుగు కనిపించింది. మూడు గాస్కెట్లు మార్చాను. స్పార్క్ ప్లగ్గు టోపీలు రెండు కరిగాయి. ఇంత కష్టపడ్డాక నాకు మిగిలింది శబ్దమే.

జవాబు 1
ఫ్లాంజి వంకర ఉంటే అది చవక సరుకు తప్పు. మందపాటి ఫ్లాంజి, సెరామిక్ పూత ఉన్నవి కొని, మధ్య బోల్టు నుంచి అంచులకు బిగించి, ఒకటి రెండు సార్లు వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగిస్తే లీకు రాదు. నా కారుకు నేను అలాగే చేశాను. నాలుగు బారెళ్ల కార్బురేటర్ కూడా పెడితే తేడా తెలుస్తుంది.

జవాబు 3 (అట్లాంటా నుంచి)
ఇద్దరూ ఒకటి మరిచారు. జీటీ350కి వేసినవి ట్రై-వై హెడర్లు. నాలుగు గొట్టాలు ముందు రెండై, ఆ రెండు ఒకటవుతాయి. మామూలు రోడ్డు వేగాల్లో బలం కావాలంటే అదే నయం. అది కూడా వద్దనుకుంటే, 271 ఇంజనుకు ఫోర్డే పోసిన వెడల్పు మానిఫోల్డుల నకళ్ళు దొరుకుతాయి. మీ కారుకు కంపెనీ ఇచ్చింది ఒకే సైలెన్సరు. దాన్ని అలాగే ఉంచి ముందు ఏది మార్చినా డబ్బు దండగ. రెండు పైపులు వేయండి, అసలు మార్పు అక్కడే.

పాత మానిఫోల్డులు పారేయకండి. పగిలినదైనా పోత నంబరు, తేదీ గుర్తు ఉన్నవి రేపు కారు కొనేవారికి కావాలి.

ప్రశ్న వేసినవారు
కింద పడుకుని చూశాను. నా కారుకు ఒకే పైపు, ర్యామ్ గొట్టాలు దిగే దారిలోనే ఉంది. పొడవు హెడర్ల ఆలోచన మానుకున్నాను. వెడల్పు పోత మానిఫోల్డులు, రెండు పైపులు. రేపటి నుంచి నాలుగు రోజులు బోల్టులకు నూనె పోస్తాను, శనివారం విప్పుతాను. కుడివైపు చివరి బోల్టు తల సగం తుప్పు తినేసింది. అది హెడ్‌లోనే విరిగితే ఎలా తీస్తారో అనుభవం ఉన్నవారు చెప్పండి.