పాత పెడల్ స్టీల్ గిటార్ ఇంటికొచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

సాగర్‌నగర్_వీణ:

అందరికీ నమస్కారం. డల్లాస్ నుంచి మా బావగారి ఫ్యామిలీ వైజాగ్ తిరిగొచ్చేస్తూ ఇంటి సామానుతో పాటు షిప్‌లో ఒక పెడల్ స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు బార్ జరుపుతూ, కాళ్లతో పెడల్స్ నొక్కుతూ వాయించేది) కూడా తెచ్చారు. అక్కడెవరో పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే కొన్నారట, బావగారికి వాయించడం రాదు, నువ్వు వీణ వాయిస్తావు కదా నీ దగ్గరే ఉండనీ అని ఇచ్చేశారు. ఎంఎస్ఏ కంపెనీది, 70ల నాటిది, రెండు నెక్‌లు (తీగలు బిగించిన పలకలు), ఒక్కోదానికి పది తీగలు, కింద ఎనిమిది పెడల్స్, మోకాళ్లతో తొయ్యడానికి లివర్లు నాలుగు. కేసుతో సహా మేడ మీదకి ఎక్కించడానికి ఇద్దరు పట్టాల్సొచ్చింది.

బోర్లా తిప్పి చూశాను, లోపల సన్నటి ఇనప రాడ్లు వరసగా, వాటి చివర తెల్లటి నైలాన్ నట్లు, స్ప్రింగులు. చూస్తే భయమేసింది కానీ చాలా ముద్దొచ్చింది కూడా. తీగలు తుప్పు పట్టాయి. ఒక పెడల్ నొక్కి వదిలితే తీగ మళ్ళీ పాత శ్రుతికి సరిగ్గా రావట్లేదు, కొంచెం పైనే ఉండిపోతోంది. ఆయిల్ వెయ్యొచ్చా? రెండు నెక్‌లలో ముందు ఏది నేర్చుకోవాలి? మాకు సముద్రం దగ్గరే, గాలికి ఇంట్లో గేటు గడియలే తుప్పు పట్టిపోతాయి, దీన్ని ఎలా కాపాడుకోవాలి? దీంతో పాటు ఒక ఆంప్ కూడా వచ్చింది, వెనకాల 120 వోల్ట్స్ అని ఉంది, అది ఇంకా ప్లగ్‌లో పెట్టలేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాతతీగలు:

ముందుగా ఒక్క మాట అండీ, ఇప్పుడే ఏ నట్టూ తిప్పకండి. మీ చేతికొచ్చింది ఎవరో ఏళ్ల తరబడి తన కాలికీ చెవికీ సరిపోయేలా సెట్ చేసుకున్న వాయిద్యం, ఆ సెట్టింగ్ ఏంటో చదివాకే మార్చడం. కింద భాగం అన్ని వైపుల నుంచీ ఫోన్‌లో ఫోటోలు తీసిపెట్టుకోండి. తర్వాత ఒక నోట్‌బుక్ తీసుకుని ఒక్కో పెడల్ విడిగా నొక్కుతూ ఏ తీగ కదిలింది, ఏ స్వరం నుంచి ఏ స్వరానికి వెళ్ళింది రాసుకోండి, లివర్లు కూడా అంతే. ఒక సాయంత్రం పడుతుంది కానీ ఇంతకంటే మంచి పాఠం ఇంకోటి లేదు.

మీకు దూరంగా ఉన్న నెక్ మామూలుగా ఇ9, దగ్గరున్నది సి6, ఇవి తీగలు శ్రుతి చేసే పద్ధతుల పేర్లు. సి6 స్వింగ్, జాజ్ వైపు ఎక్కువ, దాన్ని ఇప్పటికి వదిలెయ్యండి. ఇ9 తీగలు పైనుంచి కిందికి ఇలా ఉంటాయి: ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. మీరు వీణ మనిషి కాబట్టి మీ భాషలో చెప్తా, ఇ స్వరాన్ని సా అనుకోండి. అప్పుడు వరస చతుశ్రుతి రి, కాకలి ని, అంతర గా, సా, పా, మళ్ళీ గా, రి, సా, కైశికి ని, పా. మొదటి రెండు తీగలు మూడో తీగ కంటే తక్కువ శ్రుతిలో ఉన్నాయేంటి అని కంగారు పడకండి, అవి పెడల్ స్టీల్ విద్వాంసుడు బడ్డీ ఎమన్స్ తర్వాత చేర్చినవి, స్వరాలు వేగంగా నడపడానికి.

ఇప్పుడు పెడల్స్, వాటి పేర్లు ఎ, బి, సి (ఇవి స్వరాల పేర్లు కావు). ఎ పెడల్ పంచమాలని (5, 10 తీగలు) చతుశ్రుతి ధైవతానికి లేపుతుంది. బి పెడల్ గాంధారాలని (3, 6) శుద్ధ మధ్యమానికి లేపుతుంది. రెండూ కలిపి నొక్కితే సా మా ధా, అంటే ఇ మేజర్ కాస్తా బార్ కదలకుండానే ఎ మేజర్ అయిపోయింది! సి పెడల్ నాలుగో తీగని సా నుంచి రి కి, ఐదో తీగని పా నుంచి ధా కి లేపుతుంది. అసలు ఈ వాయిద్యం గొప్పతనమంతా ఇక్కడే ఉంది, బార్ జరిపితే తీగలన్నీ కలిసి జరుగుతాయి, పెడల్ నొక్కితే తీగల గుంపులో ఒకటో రెండో స్వరాలు మాత్రమే పాకుతూ వెళ్తాయి, మిగతావి అలాగే నిలబడి ఉంటాయి. 1954లో కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాటలో స్టీల్ వాయించిన బడ్ ఐజాక్స్ ఆ పాకుడు వినిపించాకే అమెరికాలో స్టీల్ వాయించేవాళ్ళందరూ పెడల్స్ వెంట పడ్డారు.

మీ గిటార్‌కి ఎడమ చివర పెడల్ నొక్కి చూడండి. 5, 10 కదిలితే ఎమన్స్ సెటప్, 4, 5 కదిలితే జిమ్మీ డే (ఇంకో స్టీల్ విద్వాంసుడు) సెటప్. రెండూ మంచివే, వరస తిరగబడింది అంతే.

గోపాలపట్నం_వర్క్‌షాప్:

మెకానిజం సంగతి నేను చెప్తా. శ్రుతి వెనక్కి రాకపోవడానికి మామూలుగా మూడు చోట్ల చూడాలి. కుడి చివర తీగ వంగి దిగే చోట ఒక్కో తీగకి ఒక మెటల్ ఫింగర్ ఉంటుంది, పెడల్ నొక్కితే అది తిరుగుతుంది, వదిలితే స్ప్రింగ్ దాన్ని వెనక్కి తెస్తుంది. యాభై ఏళ్ల పాత నూనె అక్కడ జిగురై కూర్చుంటే ఫింగర్ బద్ధకంగా వస్తుంది. ఎడమ చివర తీగ కింద చిన్న రోలర్ ఉంటుంది, అది తుప్పుతో బిగుసుకున్నా తీగ ఇరుక్కుంటుంది. మూడోది, నైలాన్ నట్ మరీ బిగించేస్తే రాడ్‌కి వదులు లేక ఫింగర్ తన స్టాప్ దాకా వెనక్కి వెళ్ళదు, అప్పుడు ఖాళీ తీగ సరిగ్గా మీరన్నట్టే కొంచెం పైన ఉండిపోతుంది. రాడ్‌ని వేలితో పట్టుకుని ఆడించండి, వెంట్రుక వాసి కదలాలి.

తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం వెయ్యొద్దు, ఈరోజు జారుగా ఉంటుంది, కొన్నాళ్ళకి అదే జిగురవుతుంది. సిగరెట్ లైటర్లో పోసే పెట్రోల్ లాంటి ద్రవం ఉంటుంది కదా, అది చుక్కలు చుక్కలుగా ఫింగర్ల మధ్య పోసి, పెడల్ ఆడిస్తూ మురికి కింద గుడ్డలోకి దిగనివ్వండి. కిటికీలు తీసి ఉంచండి, దగ్గర్లో మంట, దీపం, అగరొత్తి ఏదీ ఉండకూడదు. పూర్తిగా ఆరాక కుట్టుమిషన్ ఆయిల్ సూది మొనతో ఒక్కో చుక్క, అంతకంటే వద్దు. నైలాన్ నట్లు పాతబడితే పెళుసెక్కుతాయి, మెల్లగా తిప్పండి. రాడ్ ఏదైనా వంగినా విరిగినా ఆటోనగర్‌లో లేత్ పనివాళ్ళకి పాతది శాంపిల్‌గా చూపిస్తే అదే మందం స్టెయిన్‌లెస్ రాడ్ మరతో సహా చేసిపెడతారు, పెద్ద విషయమేం కాదు.

ఆంప్ మాత్రం నేరుగా మన 230లో పెట్టకండి! స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఆంప్ వెనక రాసిన వాట్స్ కంటే బాగా ఎక్కువ కెపాసిటీది తీసుకోండి, ఎర్తింగ్ కూడా చూసుకోండి. సముద్రపు గాలికి, వాయించాక తీగలూ ఫింగర్లూ పొడి గుడ్డతో తుడిచి, కేసులో సిలికా జెల్ పొట్లాలు పెట్టి మూసెయ్యండి. స్టాండ్ మీద బయట వదిలెయ్యడం మన ఊళ్ళో కుదరదు.

హవాయి_తీగ:

మా నాన్నగారు ఆర్కెస్ట్రాలో హవాయియన్ గిటార్ వాయించేవారు, ఇంట్లో వాన్ షిప్లే రికార్డులు అరిగిపోయేదాకా తిరిగేవి, అందుకని మీ పోస్ట్ చూసి ఆగలేకపోయా. బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్ మీద హిందుస్తానీ రాగం నిలబెట్టారు, విశ్వమోహన్ భట్ మోహన వీణకి 1994లో గ్రామీ వచ్చింది, మనకి గొట్టువాద్యం ఉండనే ఉంది. కాబట్టి తీగ మీద లోహం జరపడం మనకి కొత్త కాదు, కాలితో స్వరం మార్చడమే కొత్త.

తీగల గురించి. పెడల్ స్టీల్ సెట్ మన షాపుల్లో అడిగితే దొరకడం కష్టం, కానీ ఎలక్ట్రిక్ గిటార్ సెట్‌లతో చాలా వరకు గడుస్తుంది. ఇ9 కి గేజ్‌లు (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వరసగా 13, 15, 11, 14, 17, 20, 26, 30, 34, 36. టెన్ సెట్ (అన్నిటికంటే సన్న తీగ 10 ఉన్నది) కొంటే అందులో 13, 17, 26, 36 వస్తాయి, లెవెన్ సెట్‌లో 11, 14 వస్తాయి. మిగిలిన 15, 20, 30, 34 విడిగా తెప్పించుకోండి. మూడో తీగ, ఆ 11, అందరికీ ఎక్కువగా తెగేది అదే, నాలుగైదు దగ్గర పెట్టుకోండి. ఫింగర్ మీద తీగ ఆనే చోట గాడి పడిందేమో గోరుతో తడిమి చూడండి, గాడి ఉంటే కొత్త తీగ కూడా అక్కడే తెగుతుంది.

ఇంకోటి, ట్యూనర్‌లో ముల్లు మధ్యకి తెచ్చి గాంధారం పెట్టకండి. తంబూరా మోగుతుంటే దాన్లోంచి వినిపించే అంతర గాంధారం ట్యూనర్ చూపించేదానికంటే సుమారు 14 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) తక్కువ. స్టీల్ వాయించేవాళ్ళు కూడా జి షార్ప్‌ని అలా కిందికే పెట్టుకుంటారు, లేకపోతే తీగలు కలిపి మీటినప్పుడు అల అలగా కొట్టుకుంటుంది. మీ చెవి వీణకి అలవాటు పడింది కాబట్టి చెవినే నమ్మండి.

సాగర్‌నగర్_వీణ:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. చెప్పినట్టే నోట్‌బుక్‌లో రాశాను. ఎడమ చివర పెడల్‌కి 5, 10 కదిలాయి, అంటే ఎమన్స్ సెటప్. క్లీన్ చేశాక శ్రుతి తిరిగి వస్తోంది, ఎంత ఆనందంగా ఉందో. కొత్త తీగలు కూడా వేసేశా. రెండు సందేహాలు. ఎ, బి కలిపి నొక్కినప్పుడు అస్సలు కదలకూడని నాలుగో తీగ సా కూడా ట్యూనర్‌లో కొంచెం దిగుతోంది, ఇది రిపేరా? ఇంకా కుడి మోకాలి లివర్ ఒకటి రెండో తీగ నిషాదాన్ని ఎంతో కొంత దించుతోంది కానీ ఎక్కడ ఆగాలో తెలియట్లేదు.

పాతతీగలు:

మొదటిది రిపేర్ కాదు. పెడల్స్ లాగేసరికి తీగల బిగువు పెరిగి బాడీ కాస్త వంగుతుంది, మిగతా తీగలు ఆ మేరకు వదులవుతాయి, క్యాబినెట్ డ్రాప్ అంటారు, అన్ని స్టీల్స్‌లోనూ ఎంతో కొంత ఉంటుంది. కొన్ని సెంట్లే అయితే ఖాళీ తీగ సా స్వరాన్ని చిటికెడు పైన పెట్టుకుని మధ్యేమార్గంగా సర్దుకోండి.

రెండోది, ఆ లివర్ డి షార్ప్‌ని ముందు డి కి, ఇంకా తోస్తే సి షార్ప్‌కి దించుతుంది. మధ్యలో డి దగ్గర మోకాలికి ఒక గట్టిదనం తగులుతుంది, దాన్ని హాఫ్ స్టాప్ అంటారు. మెల్లగా తోస్తూ మీ తొమ్మిదో తీగ డి తో పోల్చి వినండి, రెండూ కలిసిన చోటే ఆ గట్టిదనం రావాలి. చాలా గిటార్లకి అదే లివర్ తొమ్మిదో తీగని కూడా కదుపుతుంది, కాబట్టి ముందు లివర్ వదిలేసి ఆ డి ఎలా ఉందో చెవిలో నిలుపుకుని అప్పుడు తొయ్యండి. కుర్చీ ఎత్తు కూడా చూసుకోండి, తొడలు బాడీ కింద సులువుగా దూరి మోకాలు లివర్‌కి ఆనీ ఆననట్టుండాలి, లేకపోతే ఈ స్టాప్ ఎప్పటికీ చిక్కదు. మనం ఇంట్లో చెప్పుల్లేకుండా కూర్చుంటాం కదా, పెడల్ అంచు పాదానికి నొక్కుకుంటుంది, పల్చటి అడుగున్న కాన్వాస్ షూ వేసుకుని వాయించండి. ఎడమ పాదం ఎ, బి రెండిటి మీదా ఉండాలి, మడమ నేల మీద, చీలమండ కాస్త ఒరిగిస్తే ఒకటి, తిన్నగా పెడితే రెండూ. కుడి కాలు మాత్రం వాల్యూమ్ పెడల్‌కే. అది ఉందా మీ దగ్గర? లేకపోతే తర్వాత కొనాల్సింది అదే, మీటగానే సగంలో ఉంచి, నాదం తగ్గుతున్న కొద్దీ మెల్లగా నొక్కుతూ పోతేనే స్టీల్‌కి ఆ దీర్ఘం వస్తుంది.