జూన్‌లో బ్లూఫిన్ ట్యూనా వేట ట్రిప్: వెళ్లాలా, ఆగస్టు దాకా ఆగాలా?

మిరామెసా_కిరణ్
అందరికీ నమస్తే. మేం నలుగురం శాన్ డియాగోలో ఉంటాం. పాయింట్ లోమా నుంచి బయల్దేరే మూడు రోజుల బోటు ఒకటి చూస్తున్నాం, జూన్ మొదటి వారం. రెండేళ్లుగా హాఫ్ డే బోట్లలో తిరుగుతున్నాం, రాక్‌ఫిష్, కాలికో బాస్ పట్టాం గానీ ట్యూనా మొహం ఇంతవరకు చూడలేదు. టికెట్టే మనిషికి వెయ్యి డాలర్లు దాటుతోంది, టిప్పు, రాడ్ అద్దె, చేప కోయించే ఖర్చు వేరే. ఆఫీసులో ఒకాయన జూన్‌లో వెళ్తే డబ్బు దండగ, ఆగస్టు చివరికి పెట్టుకోండి అంటున్నాడు, ఇంకొకాయన జూనే అసలు సీజన్ అంటున్నాడు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఇర్వైన్_రమేష్
ఆగస్టే తమ్ముడూ, రెండో మాట లేదు. ఎల్లోఫిన్ ట్యూనా రావాలంటే నీళ్లు వేడెక్కాలి, 68-70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే గానీ అవి మన వైపు గుంపులుగా రావు, అప్పుడు కొట్టుకొచ్చిన కెల్ప్ (సముద్రపు నాచు) తెట్టు ఒకటి కనపడితే చాలు దాని కింద ఎల్లోటెయిల్, డొరాడో, ఎల్లోఫిన్ అన్నీ ఉంటాయి. కొత్తవాళ్లకి కావాల్సింది అదే కదా, చేతికి పని దొరకాలి. జూన్‌లో ఉండేది బ్లూఫిన్ ఒక్కటే, అది చల్లనీళ్లకి తట్టుకుంటుంది గాని ఎర ముట్టుకోదు. రెండేళ్ల కింద జూన్ మొదట్లోనే వెళ్లాను, బోటు పేరు వద్దులే. 26 మందిమి, కోర్టెజ్ బ్యాంక్ అనే సముద్రం అడుగు మెట్ట అవతల దాకా పోయాం, వాయవ్యం గాలి ఒకటే కొట్టుడు, సగం మంది పడకల మీంచి లేవలేదు. సోనార్‌లో చేపలు కనపడుతున్నాయని కెప్టెన్ మైకులో చెప్తూనే ఉన్నాడు, ఒక్కటీ నోరు తెరవదు. రెండున్నర రోజులకి బోటు మొత్తానికి 3 చేపలు. నా చేతికి సున్నా. ఇంటికి ఖాళీ ఐస్ బాక్స్ మోసుకొచ్చినప్పుడు మా పిల్లల మొహాలు ఇప్పటికీ గుర్తే.

చులావిస్టా_సుధ
రమేష్ గారూ, మీకు జరిగింది నిజమే, నాకూ రెండుసార్లు అలాగే జరిగింది. అయినా నేను జూన్‌కే ఓటేస్తాను. తొమ్మిది సీజన్ల నుంచి వెళ్తున్నాను, మే చివర, జూన్‌లోనే ఎక్కువ.

కిరణ్, నీకు ఒక రాత్రి సంగతి చెప్తాను. టైం రెండు దాటింది, బోటు ఇంజిన్ తగ్గించి కొట్టుకుపోతోంది, పైన మబ్బు, చుక్క కనపడదు. కెప్టెన్ 250 అడుగుల్లో చేప ఉంది అన్నాడు. 300 గ్రాముల నైఫ్ జిగ్, అంటే కత్తిలా సన్నటి లోహపు ఎర, వదిలాను, చీకట్లో మెరిసే రకం. లైను మీద రంగులు మారుతుంటాయి కదా, అవి లెక్కపెట్టుకుంటూ దింపుతున్నా, సరిగ్గా అక్కడికి రాగానే లైను వదులైపోయింది. తెగిందేమో అనుకున్నా. పక్కనున్న డెక్‌హ్యాండ్ (బోటు పనివాడు) కుర్రాడు తిప్పు తిప్పు అని అరిచాడు, గబగబా హ్యాండిల్ తిప్పాను, ఒక్కసారిగా రాడ్ రెయిలింగ్ మీద పడి అతుక్కుపోయినట్టయింది. అంటే దిగుతున్న జిగ్‌ని అది కిందనుంచి పైకొస్తూ మింగింది, అందుకే లైను వదులైంది. ఆ తర్వాత 50 నిమిషాలు. రాడ్ చేత్తో ఎత్తి పట్టుకుంటే నడుము పోతుంది, రెయిలింగ్ మీద ఆనించి లో గేర్‌లో అరచుట్టు అరచుట్టు తిప్పడమే, ఆ కుర్రాడు నా పక్క నుంచి కదల్లేదు. ఎందుకు కదల్లేదంటే కదలాల్సిన పని లేదు, ఆ రాత్రి రెయిలింగ్ దగ్గర ఆరుగురమే ఉన్నాం. ఆగస్టులో అయితే ముప్పై మంది లైన్లు ఒకదానికొకటి చిక్కు పడుతుంటాయి, నీకు నేర్పే తీరిక వాళ్లకెక్కడిది? కొత్తవాళ్లు జూన్‌లో వెళ్లాలి అని నేననేది ఇందుకే. ఆ చేప 140 పౌండ్లు తూగింది.

ఇర్వైన్_రమేష్
సుధ గారూ 140 పౌండ్ల కథ వింటే నాకూ వెళ్లాలనిపిస్తుంది, కానీ ఆ పెద్ద బ్లూఫిన్ సెప్టెంబర్, అక్టోబర్‌లో కూడా పడుతోంది కదా, జూన్‌లోనే చూడాలని రూలేం లేదు. అప్పుడైతే బ్లూఫిన్ పడకపోయినా ఎల్లోఫిన్ అన్నా మిగుల్తుంది. బోట్లు నడిపే ల్యాండింగ్‌లు ఎన్ని చేపలు పడ్డాయో రోజూ పెట్టే లెక్కలు చూడండి, మీకే తెలుస్తుంది.

చులావిస్టా_సుధ
లెక్క చేపల సంఖ్యే చెప్తుంది రమేష్ గారూ, సైజు చాలాసార్లు చెప్పదు. పైగా బ్లూఫిన్‌కి రోజుకి మనిషికి 2 లిమిట్, ఎన్ని రోజుల ట్రిప్పైనా 6 మించకూడదు. ఒకటి పడితేనే నలుగురు స్నేహితుల ఇళ్లకి పంచాలి.

మీ 3 చేపల ట్రిప్ సంగతి ఒకటి అడగాలి. ఎర ఎలా ఉంది? సీజన్ మొదట్లో సగం ఆట ఎర దగ్గరే. రిసీవర్లలో (ఎర చేపల్ని నీళ్లలో ఉంచే బోనుల్లో) కొన్ని వారాలు ఉండి గట్టిపడిన సార్డైన్ వేరు, నిన్న పట్టి ఇవాళ బోటుకెక్కించింది వేరు. ట్యాంకులోంచి తీసేటప్పుడు గట్టిగా నొక్కితే పొలుసు అంతా మన వేళ్లకే అంటుకుంటుంది, అది నీళ్లలో పడ్డాక పది అడుగులు కూడా ఈదదు. ఇక బ్లూఫిన్ దాన్ని చూడనైనా చూడదు. తడి చేత్తో, ముక్కు దగ్గర సన్నగా గాలం గుచ్చి, స్పూల్ మీద బొటనవేలు తేలిగ్గా ఆనించి వదిలేయాలి. బాగున్న సార్డైన్ బోటుకి దూరంగా తనంతట తాను పరిగెడుతుంది, తిరగకుండా ఆగిందంటే మార్చెయ్యాలి. ఇది నాకు మూడో ఏడాది గానీ ఒంటబట్టలేదు.

పూడిమడక_వాసు
మీ మాటలకి అడ్డొస్తున్నాను, ఏమనుకోకండి. మాది ఆంధ్రా తీరంలో గాలంతో ట్యూనా పట్టే ఊరు, మా నాన్న ఇప్పటికీ వేటకెళ్తాడు, నేను లాంగ్ బీచ్‌లో పని చేస్తున్నాను. మా దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోటు నీళ్లలో దిగదు. చేప గుడ్డు పెట్టే కాలం, ఆగాలి. ఇల్లు గడవడమే కష్టం అయినా ఆగుతారు. ఇక్కడ సరదాకెళ్లేవాళ్లు సరిగ్గా ఆ నెలల్లోనే పెద్ద చేప కోసం పోవడం నాకు మింగుడుపడదు.

చులావిస్టా_సుధ
వాసూ, నువ్వడిగింది అడగాల్సిన ప్రశ్నే. కానీ పసిఫిక్ బ్లూఫిన్ ఇక్కడ గుడ్లు పెట్టదు. అది అంతా అవతలి ఒడ్డునే, తైవాన్, ఒకినావా వైపు, జపాన్ సముద్రంలో. అక్కడ పుట్టిన పిల్లల్లో కొన్ని పసిఫిక్ దాటి ఇటు మేతకొస్తాయి, కొన్నేళ్లుండి తిరిగెళ్తాయి. కాబట్టి జూన్‌లో ఇక్కడ పట్టినా, అక్టోబర్‌లో పట్టినా గుడ్డు మీదున్న తల్లిని పట్టినట్టు కాదు.

లాహోయా_ఫణి
సుధ గారు చెప్పింది కరెక్ట్, దానికి కొంచెం కలుపుతాను. ఈ చేప నిజంగానే అడుగంటిపోయింది ఒకప్పుడు. 2014లో మెక్సికో తన నీళ్లలో సరదా వేటగాళ్లు బ్లూఫిన్ ఉంచుకోవడాన్నే ఆపేసింది, 2015లో అమెరికా రోజు లిమిట్‌ని 10 నుంచి 2కి దించింది. పెద్ద పడవలకీ కోటాలు తగ్గించారు. 2024లో శాస్త్రవేత్తలు వేసిన అంచనాలో తేలిందేంటంటే, ఈ చేప మళ్లీ పెరిగి, 2034కి చేరాలని పెట్టుకున్న లక్ష్యాన్ని 2021కే దాటేసింది. ఆగితే సముద్రం తిరిగి ఇస్తుందని వాసు అంటున్నది ఇక్కడా నిజమైంది.

పూడిమడక_వాసు
అవతల గుడ్డు పెడతాయని తెలీదు, ఒప్పుకుంటాను. అయితే సుధక్కా, తిరిగెళ్లి గుడ్డు పెట్టాల్సిందాన్ని దారిలోనే పట్టేస్తున్నాం కదా, అది మాత్రం మారలేదు. లిమిట్ ఆరు ఉంది కదాని ఆరూ తేవాలనుకోవద్దు. మనిషికి ఒక పెద్ద చేప చాలు. ఇది కిరణ్ వాళ్లకే చెప్తున్నాను.

చులావిస్టా_సుధ
ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. నా రెండోది పడ్డాక రాడ్ పక్కన పెట్టేస్తాను.

సాన్‌మార్కోస్_నరేందర్
అన్నా అసలు ముచ్చట ఎవ్వరు చెప్తలేరు. మూడు రోజుల ట్రిప్ అంటే బోటు మెక్సికో నీళ్లల్లకి పోవచ్చు, చేప యాడుంటే ఆడికే పోతరు. పాస్‌పోర్ట్ లేకుంటే ఎక్కనియ్యరు, మెక్సికో పర్మిట్ బోటోళ్లే తీస్తరు. మీరు హెచ్‌వన్‌బీ మీద ఉండి వీసా స్టాంపింగ్ గడువు దాటిపోయుంటే, లేకుంటే గ్రీన్ కార్డ్ పెండింగ్ ఉంటే, పైసలు కట్టకముందే లాయర్‌ని అడుగుర్రి. నేను అడిగినంక అమెరికా నీళ్లల్లనే ఉండే ట్రిప్ చూస్కున్న.

మిరామెసా_కిరణ్
నరేందర్ అన్నా చాలా థాంక్స్, ఇది అసలు మా బుర్రకే తట్టలేదు. మాలో ఒకడి స్టాంపింగ్ గడువు దాటిపోయింది, లాయర్‌ని అడిగితే రిస్క్ వద్దన్నాడు. అందుకని మూడు రోజులది వదిలేసి జూన్ రెండో వారం రెండు రోజుల ట్రిప్ తీసుకున్నాం, అమెరికా నీళ్లలోనే అని బోటు ఆఫీసు వాళ్లతో మెయిల్‌లో రాయించుకున్నాను. రమేష్ గారూ, చేప పడకపోతే మీ మాట వినలేదని ఇక్కడే వచ్చి రాస్తాను. కానీ రాత్రి రెండింటికి ఆరుగురే ఉన్న రెయిలింగ్ అని సుధ గారు రాశారు చూడండి, నలుగురం అక్కడే పడిపోయాం. వాంతుల మందు ఎప్పుడు వేసుకోవాలి?

ఇర్వైన్_రమేష్
ముందు రోజు రాత్రే మొదలుపెట్టు తమ్ముడూ, బోటెక్కాక వేసుకుంటే పనిచెయ్యదు. నేను చేసిన తప్పు అదే. గాలి ఫోర్‌కాస్ట్ రోజూ చూస్కో. చేప పడాలనే కోరుకుంటున్నా.

పూడిమడక_వాసు
పడితే తలకాయ, మెడ దగ్గర ముక్క పారేయించకండి. మా ఇంట్లో ముందు దానికే పోటీ. పొట్ట ముక్కకి కొవ్వెక్కువ, పులుసులో వేస్తే నూనె తేలుతుంది, ఉప్పు కారం రాసి పెనం మీద నూనె లేకుండా కాల్చండి.

చులావిస్టా_సుధ
మెడ ముక్క పారేయడానికి వీల్లేదు వాసూ, రూలే ఉంది. బోటు మీద బ్లూఫిన్ కోస్తే ఆరు ముక్కలుగానే కోయాలి: నాలుగు లోయిన్లు (పొడుగాటి కండ ముక్కలు), పొట్ట ఒకటి, రెండు పక్క రెక్కలూ ఉంచి కాలర్ (మెడ ముక్క) ఒకటి, ఒక్కో చేపకి వేరే సంచి. ఏ చేపో తనిఖీ వాళ్లు గుర్తుపట్టాలని. తలకాయ మాత్రం కిరణ్ ముందే డెక్‌హ్యాండ్‌కి చెప్పుకోవాలి, లేకపోతే సముద్రంలోకి విసిరేస్తారు.