దసరా సెలవుల్లో నేపాల్ చిల్డ్రన్స్ హోమ్‌కు టీమ్: ఏమేం చూసుకోవాలి?

నల్లగొండ_యూత్
అందరికీ వందనాలు. మా సంఘం నుంచి 12 మంది యూత్, దసరా సెలవుల్లో వారం రోజులు కాఠ్మండూ దగ్గర ఒక అనాథ పిల్లల హోమ్‌కు పోదామనుకుంటున్నరు. మూడు రోజులు వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిల్ బడి), బట్టలు పంచుడు, ఒకరోజు మెడికల్ క్యాంపు. మనిషికి 15 వేలు. టీములు పంపిన అనుభవం ఉన్నవాళ్లు కాగితాలు, ఆరోగ్యం, పిల్లలతో ఉండాల్సిన పద్ధతి వివరంగా చెప్పగలరు.

దేవరకొండ_పాస్టర్
వందనాలు తమ్ముడూ. ముందు తారీఖులు మార్చండి. మన దసరా రోజులే నేపాల్ వాళ్లకు దశైం పండుగ. బడులు, ఆఫీసులు మూతపడతయి, బస్సుల్లో కాలు పెట్టే సందుండదు. అందరూ ఊర్లకు పోయి పెద్దల చేతుల మీదుగా నుదుట టీకా (బొట్టు) పెట్టించుకుంటరు. సరిగ్గా నడిచే హోమ్ అయితే చుట్టాలున్న పిల్లల్ని అప్పుడు ఇంటికి పంపుతది. అందుకే హోమ్ వాళ్లను మొదట అడగాల్సింది ఇదొక్కటే: "దశైంకు ఎంతమంది పిల్లలు ఇంటికి పోతరు?" చాలామంది పోతరంటే, కుటుంబాలతో సంబంధం తెగలేదని అర్థం. "ఎవ్వరూ పోరు, మీ టీమ్ వస్తదంటే అందర్నీ ఆపి ఉంచుతం" అంటే ఆ హోమ్‌ను వదిలేయండి.

హోమ్‌లో ఉన్నంత మాత్రాన పిల్లలు అనాథలు కారు, పాలమూరు వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ముంబై, పుణే వలసపోయే తల్లిదండ్రులు పిల్లల్ని సీజనల్ హాస్టళ్లల్లనో, బోర్డింగులల్లనో వదిలిపోతరు. ఆ పిల్లల్ని మనం అనాథలు అంటమా? నేపాల్‌లో కొండ జిల్లాల నుంచి ఏజెంట్లు "పట్నంలో మంచి చదువు" అని చెప్పి, తల్లిదండ్రుల దగ్గరే డబ్బు తీసుకొని పిల్లల్ని తెచ్చి హోముల్లో పెట్టిన కేసులు చాలా బయటపడ్డయి. హోములు ఎక్కువగా కాఠ్మండూ లోయ, పోఖరా, చిత్వన్ వైపు, అంటే టూరిస్టులు తిరిగే చోట్లనే ఉండడానికి కారణం అదే. మనలాంటి టీములు వచ్చినకొద్దీ పిల్లల్ని తెచ్చేవాళ్లకు గిరాకీ పెరుగుతది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ పిల్లల హక్కుల తీర్మానంలో కూడా ఈ మాట వచ్చింది.

హోమ్‌కు రిజిస్ట్రేషన్ ఉందా, ఒక్కో పిల్లవాడికి ఫైలు ఉందా, ఆ ఫైల్లో తల్లిదండ్రుల వివరాలు, ఇంటికి తిరిగి పంపే ప్రయత్నం రాసి ఉందా? ఇవి రాతపూర్వకంగా అడగండి. ఫైళ్లు మనకు చూపించొద్దు, ఉన్నాయని చెప్తే చాలు. అడిగిన వాళ్లందరికీ పిల్లల ఫైళ్లు తీసి చూపించే హోమ్ కూడా మంచిది కాదు.

కాగితాలు_లెక్కలు
వీబీఎస్ మాట ముందే తేల్చుకోండి అన్నా. 2015 నేపాల్ రాజ్యాంగం 26వ అధికరణం మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతిలో దానికి 5 ఏళ్ల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష అయినంక దేశం నుంచి పంపేస్తరు. మనం వారంలో తిరిగొస్తం, కానీ కేసు పడితే అక్కడి పాస్టర్, హోమ్ మీద పడుతది. పిల్లలకు వాక్యపు పుస్తకాలు, కరపత్రాలు తీసుకపోవద్దు.

సరిహద్దుకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలె. మనవాళ్లు ఆధార్ పట్టుకొని బయలుదేరుతరు, అది చెల్లదు. ఓటరు కార్డు ఇంకా రాని 18, 19 ఏళ్ల పిల్లలకు ముందే పాస్‌పోర్టు చేయించండి. సునౌలి సరిహద్దు మీదుగా అయితే గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. మన 100 రూపాయలకు వాళ్లవి 160, ఈ లెక్క స్థిరం. చేతిలో 100 రూపాయల నోట్లు పెట్టుకుంటే ఇబ్బంది లేదు.

జడ్చర్ల_నర్సమ్మ
మెడికల్ క్యాంపు వద్దు. నేపాల్ మెడికల్ కౌన్సిల్‌లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ లేకుండా మన డాక్టర్ అక్కడ వైద్యం చేయకూడదు. మందుల డబ్బా విప్పి పంచుడు అసలే వద్దు. అక్కడి హెల్త్ పోస్ట్ (సర్కారు చిన్న దవాఖాన)తో మాట్లాడి, వాళ్లు రాసిన మందుల ఖర్చు భరించండి.

హోముల్లో ఎక్కువగా కనిపించేది గజ్జి. ఒకరికే మందు పూస్తే తగ్గదు. పిల్లలు, ఆయమ్మలు, వంటమనిషి, అందరూ ఒకే రాత్రి 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ మెడ నుంచి అరికాలి దాకా పూసుకోవాలి. వేళ్ల సందులు, గోళ్ల కింద, నడుము చుట్టూ మర్చిపోతరు, పురుగు దాక్కునేది అక్కడే. రాత్రి పూసి తెల్లారి కడగాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి పూయాలి. పక్కబట్టలు అదే రోజు వేడినీళ్లల్ల ఉతకాలి. దురద ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు ఉంటది. తగ్గలేదనుకొని రోజూ పూస్తే చర్మం పుండ్లు పడుతది. చంటిపిల్లలకు, గర్భిణులకు డాక్టర్ చెప్పకుండా పూయొద్దు.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లల్ల కలపాలి. గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. టీములో ఎవరికైనా రెండు వారాలుగా దగ్గు ఉంటే కళ్లె పరీక్ష (టీబీ ఉందో లేదో) చేయించుకోనిదే రావొద్దు.

కాగితాలు_లెక్కలు
మీ 12 మంది ఖర్చు 1,80,000. నేపాలీలో 2,88,000. ఇద్దరే పోయి, మిగతాది పిల్లల్ని ఇంటికి చేర్చే పనికి ఇస్తే ఎట్లుంటదో సంఘంలో ఆలోచించండి: బస్సు ఛార్జీ, ఊర్లో బడి ఫీజు, తల్లికి రెండు మేకలు. పంపేటప్పుడు జాగ్రత్త. సంఘం ట్రస్టు సొమ్ము దేశం బయట ఖర్చుపెడితే, ముందస్తు అనుమతి లేకపోతే దానికి ఆదాయపు పన్ను మినహాయింపు పోతది. విదేశీ విరాళాల ఖాతా సొమ్ము, ఆ విరాళాల చట్టానికి 2020లో సవరణ వచ్చినంక, ఇంకో సంస్థకు ఇవ్వనే కూడదు. ఆడిటర్‌ను అడగకుండా రూపాయి కదపొద్దు.

నల్లగొండ_యూత్
నిజంగా కళ్లు తెరిపించారు. ఇద్దరు ముగ్గురే పోతే, అక్కడ పిల్లలు దగ్గరికొచ్చి హత్తుకుంటే ఏం చేయాలి అక్కా?

జడ్చర్ల_నర్సమ్మ
తోసేయొద్దు, పక్కన కూర్చోబెట్టుకో. ఒళ్లో ఎక్కించుకోవద్దు. కొత్తవాళ్లను చూడంగనే ఉరికొచ్చి మెడకు చుట్టుకునే పిల్లలు ప్రేమ ఎక్కువై అట్ల చేయరు, తమ మనిషంటూ ఒకరు నిలవకపోతే అట్ల అలవాటైతది. బిస్కెట్, బట్ట, ఏదైనా ఆయమ్మ చేతికియ్యి, ఆమె పంచుతది. ఒక్క పిల్లతో ఒంటరిగా గదిలో ఉండొద్దు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. స్నానం, పడక దగ్గరికి పోవద్దు. ముఖం కనబడే ఫొటో తీయొద్దు, వాట్సాప్ స్టేటస్ అసలే వద్దు. "అక్క, అన్న" అనిపించుకోండి, "అమ్మా నాన్నా" అంటే మెల్లగా దిద్దండి. మళ్లీ వస్తం అనొద్దు. బయలుదేరే సంగతి ముందురోజే ఆయమ్మ చేత చెప్పించి, పొద్దున టిఫిన్ దగ్గర పిల్లలంతా ఆమె చుట్టూ ఉన్నప్పుడు వెళ్లొస్తమని చెప్పి బయటికి రండి.