రిక్రియేషన్ థెరపీ కోర్సుకు 18 వేలు కట్టొచ్చా?

ప్రశ్న (అనంతపురం):
ఎం.ఎస్.డబ్ల్యూ చేసి నాలుగేళ్లుగా ఇక్కడ ఒక డే కేర్ సెంటర్లో ఉన్నాను. పొద్దున మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లలు, మధ్యాహ్నం పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లు. ఆటలు, పాటలు, కోలాటం, మొక్కల పని అన్నీ నేనే చూస్తాను, అయినా మా మేనేజరుకు నేను 'ఆటల మేడమ్'నే. జీతం పెంచమంటే సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. ఇలా ఆటపాటలతో చేసే చికిత్సకే రిక్రియేషన్ థెరపీ అని ఆన్‌లైన్లో 3 నెలల కోర్సు ఒకటి దొరికింది, అంతర్జాతీయ గుర్తింపు ఉందట, జీవితాంతం చెల్లుతుందట. కట్టేయమంటారా?

జవాబు 1:
ఆగక్కా! మాది కర్నూలే, ఇప్పుడు అమెరికాలో ఇదే పని చేస్తున్నా. ఇక్కడ సీటీఆర్ఎస్ (రిక్రియేషన్ థెరపిస్టులకిచ్చే సర్టిఫికెట్) రావాలంటే మామూలు దారిలో డిగ్రీ, 560 గంటల ఇంటర్న్‌షిప్, ఆపైన పరీక్ష. ఇంత చేసినా అది అయిదేళ్లకే. తర్వాత 480 గంటలు పనిచేసి 50 గంటల క్లాసులు విన్నట్టు చూపించాలి, లేదంటే మళ్లీ పరీక్షే. జీవితాంతం చెల్లుతుందన్నారంటే అక్కడే అనుమానించు.

జవాబు 2:
నేను ఓటీని (ఆక్యుపేషనల్ థెరపిస్ట్), కడప. ఆర్‌సీఐ (కేంద్ర పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఇచ్చే వృత్తుల్లో రిక్రియేషన్ థెరపిస్ట్ విడిగా లేదమ్మా. 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టం షెడ్యూల్లో మాత్రం మూవ్‌మెంట్ థెరపిస్ట్ కింద ఆ పేరుంది. డబ్బు పెట్టాలనుంటే ఆర్‌సీఐ గుర్తించిన స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులు చూడు, సికింద్రాబాద్ ఎన్ఐఈపీఐడీ (మానసిక ఎదుగుదల తక్కువున్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ) వాళ్ల ట్రైనింగులూ చూడు.

అంతకంటే ముందు చేసే పని రాసిపెట్టుకో. మా దగ్గర కుడిచేయి పడిపోయిన పెద్దాయన రబ్బరు బంతి ఇస్తే పక్కకు నెట్టేసేవాడు. వామనగుంతల పీట పెట్టి ఎదురుగా మనవరాలిని కూర్చోబెట్టాం. మొదటిరోజు చింతపిక్కలు వేళ్లకు అందక అరచేత్తో గుంతలోకి తోశాడు. మూడు వారాలకు బొటనవేలు, చూపుడువేలుతో ఒక్కొక్కటే తీసి వేస్తూ, పాప దొంగాట ఆడుతోందని గొడవకు దిగాడు! తారీఖు, ఎన్ని పిక్కలు, ఎంతసేపు, నొప్పి అన్నాడా లేదా, ఇవన్నీ కాగితం మీద ఉంటే అది థెరపీ, లేకపోతే ఆటే. (పిల్లలకు మాత్రం పిక్కలివ్వద్దు, ముక్కులో పెట్టుకుంటారు.)

జవాబు 3:
కాగితం చూసి జీతం పెంచే మేనేజరు ఎక్కడున్నాడో చెప్పండి సార్, నేనూ వచ్చి చేరతా.

అడిగినవారు:
ఆయన మాటా నిజమే :) కానీ 18 వేలు మాత్రం కట్టట్లేదు. పీట మా అవ్వ దగ్గరుంది, సోమవారం తీసుకెళ్తా. కడప సార్, మీరు రాసే షీటు ఎలా ఉంటుందో ఒక ఫొటో పెడతారా, పేషెంటు పేరు కనబడకుండా?